మాంట్రియల్ నిధి నుంచి మా మెకానిక్ దాకా: ఏసీ సర్వీసు శిక్షణపై ఒక సమీక్ష

ఏసీలు, ఫ్రిజ్‌లు మరమ్మతు చేసే మెకానిక్‌ల కోసం కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖలోని ఓజోన్ విభాగం తరఫున దేశంలోని అనేక పట్టణాల్లో ఉచితంగా శిక్షణ తరగతులు జరుగుతున్నాయి. ఈ తరగతుల వెనుక మాంట్రియల్ ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉందని, దానిని అమలు చేయడానికి అభివృద్ధి చెందుతున్న దేశాలకు అందే సహాయంలో ఇది ఒక భాగమని మా రంగంలో పనిచేసేవాళ్లలోనే చాలామందికి తెలియదు. విజయవాడలో ఏసీ సర్వీసింగ్ దుకాణం నడుపుతున్న నేను మా దగ్గర పనిచేసే కుర్రవాళ్లతో కలిసి ఒక శిక్షణ కేంద్రంలో ఈ తరగతులకు హాజరయ్యాను. ఆ తరువాత ఒక వేసవి మొత్తం అక్కడ నేర్పిన పద్ధతిలోనే పనిచేసి చూశాను. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. నేర్పిన విషయం మేలైనది, నేర్పిన తీరు బాగుంది. కానీ నేర్చుకున్నదాన్ని ఊళ్లో ఆచరించడానికి కావలసిన ఏర్పాట్లు ఇంకా మా దాకా రాలేదు.

ఇంత దూరం నుంచి మాకు సహాయం ఎందుకు అందుతోందో తెలిస్తే తప్ప ఈ సేవను సరిగా అంచనా వేయలేము. ఓజోన్ పొరను దెబ్బతీసే రసాయనాలను తగ్గించాలని 1987 సెప్టెంబరు 16న కెనడాలోని మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరినప్పుడు, ఆ రసాయనాలను దశాబ్దాల పాటు వాడి ఆకాశంలోకి వదిలింది ప్రధానంగా సంపన్న దేశాలే. అప్పటికి మన ఇళ్లలో ఫ్రిజ్ ఉండటమే ఒక విశేషం. అందువల్ల, ప్రత్యామ్నాయ సాంకేతికతకు మారడానికి అయ్యే అదనపు ఖర్చును కారకులే భరించాలని, అలా కాని పక్షంలో ఒప్పందంలో చేరడం న్యాయం కాదని భారత్, చైనా వంటి దేశాలు పట్టుబట్టాయి. 1990లో లండన్‌లో జరిగిన సమావేశంలో అప్పటి పర్యావరణ మంత్రి మేనకా గాంధీ మన దేశం తరఫున ఈ వాదనను గట్టిగా వినిపించారు. ఆ సమావేశంలోనే ఈ ఖర్చు కోసం బహుపాక్షిక నిధికి (నేను మాంట్రియల్ నిధి అంటున్నది దీన్నే) అంగీకారం కుదిరింది, 1991లో నిధి పని మొదలుపెట్టింది, 1992లో మన దేశం ఒప్పందంలో చేరింది. నిధి ఇలా భరించే ఖర్చుకు ఒప్పందం భాషలో పేరు అంగీకృత అదనపు వ్యయం. ఇది దానం కాదన్న సంగతి శిక్షణకు వచ్చే ప్రతి మెకానిక్‌కూ మొదటి గంటలోనే చెప్పాలని నా కోరిక. ఎవరో దయతలచి పంపిన తరగతిలో కూర్చున్నామనుకునే మనిషి ఏమీ అడగడు. తనకు హక్కుగా రావలసినది అందుకుంటున్నానని తెలిసిన మనిషి ప్రశ్నలు వేస్తాడు.

నిధి నిర్మాణంలో నాకు బాగా నచ్చిన అంశం దాని కార్యనిర్వాహక సంఘం. అందులో 14 స్థానాలు ఉంటాయి, 7 అభివృద్ధి చెందుతున్న దేశాలవి, 7 సంపన్న దేశాలవి. ఏకాభిప్రాయం కుదరక ఓటింగు పెట్టవలసి వస్తే మూడింట రెండు వంతుల ఆధిక్యంతో పాటు రెండు పక్షాలలోనూ విడివిడిగా మెజారిటీ ఉండాలి. డబ్బు ఇచ్చేవాడి మాటే చెల్లే అలవాటున్న అంతర్జాతీయ సహాయంలో ఇది అరుదైన ఏర్పాటు. దేశాలు ఐక్యరాజ్య సమితి చందాల లెక్కను అనుసరించి నిధికి డబ్బు చెల్లిస్తాయి. దానిని క్షేత్రస్థాయిలో ఖర్చు పెట్టే పని ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, పర్యావరణ కార్యక్రమం, పారిశ్రామికాభివృద్ధి సంస్థ, ప్రపంచ బ్యాంకు చేస్తాయి. ఇవి కాక జర్మనీ వంటి దేశాలు తమ వాటాలో కొంత భాగాన్ని నేరుగా సాంకేతిక సహకారంగా అందిస్తాయి, మన దేశంలో ఏసీ మెకానిక్‌ల శిక్షణలో జర్మన్ సంస్థ జీఐజెడ్ పాత్ర ఆ విధంగా వచ్చిందే. 2021-2023 కాలానికి 54 కోట్ల డాలర్లుగా ఉన్న నిధిని 2024-2026 కాలానికి 96.5 కోట్ల డాలర్లకు పెంచారు.

మొదటి దశల్లో ఈ డబ్బు ఎక్కువగా కర్మాగారాలకు వెళ్లింది, అది సమంజసమే. ఉత్పత్తిదారులు కొద్దిమందే కాబట్టి లెక్క తేలిక, ఫలితం కంటికి కనబడేది. ఫ్రిజ్‌లు, ఏసీల్లో చల్లదనానికి వాడి, ఓజోన్‌ను దెబ్బతీసిన క్లోరోఫ్లోరోకార్బన్ల ఉత్పత్తిని మన దేశం 2008 ఆగస్టు 1 నాటికే, ఆస్తమా రోగుల పీల్పు మందుల అవసరం మినహా, ఆపివేసింది. ఒప్పందం ఇచ్చిన గడువుకు అది 17 నెలలు ముందు. ఆ తరువాత వంతు హైడ్రోక్లోరోఫ్లోరోకార్బన్లది. వీటిలో మనందరికీ పరిచయమైనది ఏసీల్లో నింపే గ్యాస్ ఆర్-22. మన ప్రాంతానికి దీనితో నేరుగా సంబంధం ఉంది. సంగారెడ్డి జిల్లా రుద్రారంలోని ప్రభుత్వ రంగ సంస్థ హిందుస్థాన్ ఫ్లోరోకార్బన్స్ ఈ ఆర్-22ను తయారుచేసేది. ఆ సంస్థ మూసివేతకు 2020 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

అభివృద్ధి చెందుతున్న దేశాలు ఆర్-22 వంటి వాయువుల వాడకాన్ని 2013లో స్తంభింపజేసి, 2015 నాటికి 10 శాతం, 2020 నాటికి 35 శాతం, 2025 నాటికి 67.5 శాతం తగ్గించాలి. 2030 నుంచి 2040 దాకా పాత యంత్రాల మరమ్మతు కోసం మొదటి స్థాయిలో ఏడాదికి సగటున 2.5 శాతం మాత్రమే మిగులుతుంది. మన దేశంలో కొత్త యంత్రాల తయారీలో వీటి వాడకం 2024 డిసెంబరు 31తో ముగిసింది. కాబట్టి ఇక మిగిలిన ఆర్-22 ఖర్చయ్యేదంతా మాలాంటి వాళ్ల చేతుల మీదుగా, డాబాల మీద, అపార్టుమెంట్ల గోడలకు వేలాడే అవుట్‌డోర్ యూనిట్ల దగ్గర. వేల కోట్ల రూపాయలతో, ముప్పై ఏళ్లకు పైగా దౌత్యంతో నడిచిన ఒప్పందం చివరికి నిచ్చెన మీద నిలబడి వాల్వు తిప్పే కుర్రవాడి చేతికి వచ్చి ఆగింది. ఈ శిక్షణను నేను ఇంత పట్టింపుగా సమీక్షించడానికి కారణం అదే.

ఇక తరగతుల సంగతి. సిద్ధాంత భాగం క్లుప్తంగా, స్పష్టంగా సాగింది. ఆర్-22లోని క్లోరిన్ పై వాతావరణానికి చేరి ఓజోన్ అణువులను ఎలా విడగొడుతుందో, ఆర్-22కు బదులుగా వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌కు హాని చేయకపోయినా భూతాపాన్ని ఎందుకు పెంచుతుందో వివరించారు. ఒక కిలో ఆర్-22ను గాలిలోకి వదిలితే నూరేళ్ల లెక్కలో అది సుమారు 1,800 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం, ఆర్-410ఏ అయితే దాదాపు 2,090 కిలోలతో సమానం. టన్నున్నర ఏసీలో ఇంచుమించు ఒక కిలో గ్యాస్ ఉంటుంది. యూనిట్ మార్చేటప్పుడు పైపు విప్పి గ్యాస్ వదిలేయడం మా వృత్తిలో ఎవరూ తప్పుగా భావించని పని. ఆ అంకె విన్నాక మా కుర్రవాళ్ల ముఖాల్లో కనిపించిన ఆశ్చర్యం నిజమైనది. కంటికి కనబడని, వాసన లేని వాయువు విషయంలో అంకె ఒక్కటే నమ్మించగలదు.

అసలు బలమంతా ప్రయోగ భాగంలో ఉంది. కొత్తగా బిగించిన పైపుల్లో గాలిని తరిమేయడానికి వాల్వు కొంచెం తెరిచి గ్యాస్‌తోనే బయటికి తోసేయడం మన దగ్గర సర్వసాధారణం. గాలిని లాగేసే వాక్యూమ్ పంపు ఉన్నవాళ్లు కూడా పది నిమిషాలు తిప్పి ఆపేస్తారు. శిక్షణలో రెండు దశల వాక్యూమ్ పంపుకు మైక్రాన్ గేజీ (పైపులో మిగిలిన ఒత్తిడిని మైక్రాన్లలో చూపే మీటరు) బిగించి, 500 మైక్రాన్ల దాకా దించి, పంపు ఆపి, ముల్లు ఎటు కదులుతుందో చూడమన్నారు. నెమ్మదిగా కొంతవరకు పెరిగి ఆగితే లోపల తేమ ఉన్నట్టు, ఆగకుండా పెరుగుతూ పోతే ఎక్కడో లీకు ఉన్నట్టు. ఆ తేమే నూనెతో కలిసి ఆమ్లంగా మారి కంప్రెసర్ మోటారులోని తీగచుట్టలను తినేస్తుంది. ముఖ్యంగా ఆర్-410ఏ యంత్రాల్లో వాడే నూనె తేమను త్వరగా పీల్చుకుంటుంది కనుక, ఆర్-22 కాలంలో చెల్లిపోయిన నిర్లక్ష్యం ఇప్పుడు చెల్లదు. రెండు మూడేళ్లకే కంప్రెసర్ పోయిందని కంపెనీని తిట్టుకునే వినియోగదారులను చాలామందిని చూశాను. వాటిలో కొన్నింటికైనా కారణం బిగించిన రోజున మిగిలిపోయిన తేమే అయి ఉంటుందని ఇప్పుడు అర్థమవుతోంది.

నత్రజని మీద గడిపిన సమయం కూడా అంతే విలువైనది. లీకు పరీక్షకు పొడి నత్రజనినే వాడాలి. ప్రాణవాయువు సిలిండర్ దగ్గరలో ఉంది కదా అని దానిని ఎక్కిస్తే లోపలి నూనెతో కలిసి పేలుతుంది. ఈ హెచ్చరికను గోడ మీద రాసి వదిలేయకుండా, కారణంతో సహా మళ్లీ మళ్లీ చెప్పడం నాకు నచ్చింది. రాగి పైపును అతికేటప్పుడు లోపల నుంచి నత్రజనిని సన్నగా పోనివ్వాలని చెప్పి, అలా చేసిన పైపును, చేయని పైపును నిలువునా కోసి చూపించారు. రెండో దాని లోపల నల్లటి పొరలు లేచి ఉన్నాయి. ఆ పొట్టే రాలి వెళ్లి సన్నని కేపిలరీ గొట్టంలో అడ్డుపడుతుంది. ఈ ఒక్క ప్రదర్శన కోసమైనా ప్రతి మెకానిక్ ఈ తరగతికి వెళ్లాలని నేను చెబుతాను. ఏళ్ల తరబడి చేస్తున్న పనిలో కనబడని భాగాన్ని కళ్లముందు పెట్టి చూపించే అవకాశం మాకు మరెక్కడా దొరకదు.

గ్యాస్ ఎక్కించడంలో చేయి పెట్టి చల్లదనం చూడటం, కరెంటు ఎన్ని ఆంపియర్లు లాగుతుందో చూసి అంచనా కట్టడం మా అలవాటు. యంత్రం మీద అతికించిన పట్టీలో రాసిన గ్రాములను తూకం వేసి ఎక్కించాలని, ఆర్-410ఏ రెండు వాయువుల మిశ్రమం కాబట్టి దానిని ద్రవరూపంలోనే ఎక్కించాలని నేర్పారు. తూకం యంత్రం కొన్నాక మా దుకాణంలో గ్యాస్ ఖర్చు తగ్గింది, మళ్లీ రమ్మని వచ్చే ఫిర్యాదులు కూడా తగ్గాయి. ఓజోన్ గురించి ఏమాత్రం పట్టని యజమానికి కూడా ఈ మాట చెబితే శిక్షణకు మనుషులను పంపుతాడు.

పాఠం తెలుగులోనే సాగింది, వృత్తిలో వాడే మాటలు వాడినట్టే వాడారు. చేతికిచ్చిన పుస్తకం మాత్రం ఇంగ్లీషులో ఉంది. పదో తరగతి ఆపేసి హెల్పర్‌గా చేరి పని నేర్చుకున్నవాడు ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకువెళ్తాడు తప్ప తెరవడు. పీడన పట్టికలు, వాయువుల భద్రతా వర్గాలు, ఏ వాయువుకు ఏ నూనె వాడాలన్న వివరాలు పని మధ్యలో చూసుకోవలసినవి. వాటినైనా తెలుగులో, జేబులో పట్టే చిన్న అట్టల మీద అచ్చు వేసి ఇస్తే ఈ శిక్షణ ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఖర్చు పరంగా చూస్తే ఇది అతి చిన్న కోరిక.

నన్ను బాధించిన లోపం గ్యాస్ తిరిగి పట్టే పాఠం దగ్గర బయటపడింది. రికవరీ యంత్రంతో పాత ఏసీలోని గ్యాస్‌ను సిలిండర్‌లోకి లాగడం, సిలిండర్‌ను 80 శాతం మించి నింపకూడదన్న జాగ్రత్త, వేర్వేరు వాయువులను ఒకే సిలిండర్‌లో కలపకూడదన్న నియమం, అన్నీ చక్కగా నేర్పారు. అప్పుడు వెనుక వరుసలోని ఒక మెకానిక్ లేచి, నిండిన సిలిండర్‌ను ఎక్కడ అప్పగించాలని అడిగాడు. తృప్తికరమైన జవాబు రాలేదు. పట్టిన గ్యాస్‌ను శుద్ధి చేసి మళ్లీ వాడకానికి ఇచ్చే కేంద్రం మా చుట్టుపక్కల నాకు ఇప్పటికీ కనబడలేదు. ఆ యంత్రం కొనడానికి చిన్న దుకాణానికి స్తోమత చాలదు. దానిని మోసుకుంటూ మూడో అంతస్తు ఎక్కి, అరగంట అదనంగా వెచ్చించి, కిలో గ్యాస్ పట్టినందుకు ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వరు. గాలిలోకి వదిలేస్తే అడిగేవాళ్లు లేరు. ఇలాంటి పరిస్థితిలో మంచి మనసు ఉన్నవాడు ఒకటి రెండు సార్లు పద్ధతిగా చేసి, ఆ తరువాత మానేస్తాడు. కర్మాగారాన్ని మార్చేటప్పుడు యంత్రాలకు, శిక్షణకు, నిర్వహణలో అయ్యే అదనపు ఖర్చుకు కూడా లెక్కగట్టి డబ్బు ఇచ్చిన నిధి, అదే సూత్రాన్ని మెకానిక్‌కు వర్తింపజేయడంలో వెనకబడింది. వాడికీ అదనపు వ్యయం ఉంది, అది వాడి అరగంట.

కాలవ్యవధి విషయంలో కూడా నాకు అసంతృప్తి ఉంది. వాక్యూమ్, బ్రేజింగ్ (రాగి పైపులు అతకడం), రికవరీ ఒక్కొక్కటి చేతికి అలవాటు కావలసిన పనులు. శిక్షణ సాగే రెండు రోజుల్లో చూడగలం, ఒకసారి చేసి చూడగలం, అంతే. ఆరు నెలల తరువాత ఒక పూట పిలిచి, ఏం చేయగలుగుతున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు అని కనుక్కుంటే శిక్షకులకే ఎక్కువ విషయాలు తెలుస్తాయి. తరగతులు పెట్టే నెల కూడా ముఖ్యం. రోజు కూలి మీద బతికే మెకానిక్ ఏప్రిల్, మే నెలల్లో ఎండలు మండుతుండగా పని వదులుకొని రాడు, రాకూడదు కూడా. మన ప్రాంతంలో నవంబరు నుంచి జనవరి వరకు వాళ్ల చేతులు ఖాళీగా ఉంటాయి. పాల్గొనేవారికి ఆ రోజుల కూలి చెల్లించే ఏర్పాటు ఉంటే, సొంతంగా పనిచేసుకునే వాళ్లు, అంటే ఈ శిక్షణ అందరికంటే ఎక్కువ అవసరమైనవాళ్లు, ముందుకు వస్తారు.

వీటన్నిటికంటే తొందరగా సరిచేయవలసినది మండే వాయువుల పాఠం. 2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలీలో కుదిరిన సవరణ ప్రకారం, ఓజోన్‌కు హాని చేయకపోయినా భూతాపాన్ని పెంచే ఆర్-410ఏ వంటి హైడ్రోఫ్లోరోకార్బన్లను కూడా తగ్గించాలి. 2021 సెప్టెంబరులో దీనిని ధ్రువీకరించిన భారత్ 2028లో వాడకాన్ని స్తంభింపజేసి, 2032 నుంచి మెట్లు మెట్లుగా దిగుతూ 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. అందుకే మార్కెట్లో ఆర్-410ఏ స్థానంలోకి ఆర్-32 వచ్చింది, దాని పక్కనే ఆర్-290, అంటే ప్రొపేన్ కూడా వచ్చింది. ఆర్-32 భూతాపాన్ని పెంచే శక్తి ఆర్-410ఏలో మూడో వంతు, ప్రొపేన్‌ది లెక్కలోకి రానంత తక్కువ. అయితే ఆర్-32 కొద్దిగా మండుతుంది, ప్రొపేన్ బాగా మండుతుంది. ప్రొపేన్ గాలికంటే బరువైనది కాబట్టి లీకైతే నేలబారుగా పేరుకుంటుంది. గది వైశాల్యాన్ని బట్టి ఎంత గ్యాస్ ఉండవచ్చో లెక్క ఉంటుంది, పని మొదలుపెట్టే ముందు తలుపులు తెరవాలి, నిప్పురవ్వలు రాని పరికరాలు వాడాలి, గ్యాస్ పూర్తిగా తీసి నత్రజనితో కడగకుండా మంట పెట్టకూడదు. ఇవన్నీ చెప్పారు, కానీ చివరి గంటల్లో, హడావుడిగా చెప్పారు. ఆర్-22 పద్ధతిలో అలవాటుపడిన చేయి ఆర్-290 యంత్రం మీద అదే పద్ధతిలో పనిచేస్తే ప్రమాదం ఇంటివాళ్లకూ, మెకానిక్‌కూ. మన దేశాన్ని ఒక వాయువు నుంచి మరో వాయువుకు రెండు మూడు సార్లు మార్పించిన ఒప్పందం, ఈ చివరి మార్పులోని అపాయాన్ని మోసేవాడికి మిగతా పాఠాలకంటే ఎక్కువ సమయం ఇవ్వడం న్యాయం.

ఇన్ని లోపాలు చెప్పిన తరువాత కూడా ఈ సేవను మిగతా పర్యావరణ ఒప్పందాల కింద అందే సహాయంతో పోల్చితే మెచ్చుకోకుండా ఉండలేను. వాతావరణ మార్పుల విషయంలో సంపన్న దేశాలు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో మాట ఇచ్చి, వాళ్ల లెక్కల ప్రకారమే 2022లో గాని ఆ మాట నిలబెట్టుకోలేదు. అక్కడ సహాయం విడివిడి పథకాలుగా వస్తుంది. మా పక్కనే కృష్ణా జిల్లా తీరంలో సముద్రమట్టం పెరుగుదలను తట్టుకోవడానికి మడ అడవుల పునరుద్ధరణకు, వాతావరణ మార్పులను తట్టుకోవడానికి ఉద్దేశించిన అంతర్జాతీయ నిధి అడాప్టేషన్ ఫండ్ డబ్బు నాబార్డు ద్వారా వచ్చింది. మంచి పనే, కానీ ఆ ఊళ్లకు మాత్రమే పరిమితం. మాంట్రియల్ నిధి మాత్రం ఒక దేశం మొత్తానికి, ఒక రంగం మొత్తానికి, సంవత్సరాల వారీగా తగ్గింపు లెక్క కట్టి డబ్బు ఇస్తుంది. గడువు తప్పిన దేశాన్ని ముందుగా శిక్షించకుండా, ఎక్కడ ఆగిపోయారో కనుక్కొని సరిదిద్దుకునే ప్రణాళిక రాయిస్తుంది. ఫలితం కనబడుతూనే ఉంది. ఈ విధానాలు ఇలాగే కొనసాగితే అంటార్కిటికా మినహా ప్రపంచంలో ఎక్కువ భాగం మీద ఓజోన్ పొర 2040 నాటికి, అంటార్కిటికా మీద 2066 నాటికి 1980 నాటి స్థాయికి చేరుతుందని ఐక్యరాజ్య సమితి తరఫున పనిచేసే శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

మెకానిక్ సోదరులకు నా సలహా: అవకాశం దొరికితే తప్పక వెళ్లండి, ఇంటి దగ్గర మీకు ఇబ్బంది పెట్టిన యంత్రాల వివరాలు రాసుకొని వెళ్లండి, ఆర్-290 పాఠానికి ఎక్కువ సమయం కావాలని మొదటి రోజే అడగండి. ఏసీ ఉన్న గృహస్థులకు కూడా ఒక మాట. కొత్త యూనిట్ బిగించేటప్పుడు వాక్యూమ్ పంపు తెచ్చారా, గ్యాస్ తూకం వేసి ఎక్కించారా అని అడగండి, ఆ పని సక్రమంగా చేసినందుకు పడే అదనపు రుసుము చెల్లించండి. మన రాష్ట్రాల్లో ఈ శిక్షణను పర్యవేక్షించే అధికారులు రాబోయే దశలో విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాదు, వరంగల్ వంటి నగరాల్లో ఒక్కొక్కచోట గ్యాస్ తిరిగి తీసుకొని కిలోకు ఇంత అని చెల్లించే కేంద్రాన్ని, అద్దెకు దొరికే రికవరీ యంత్రాలను ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. ఆ రెండూ వచ్చిన రోజున మా దుకాణం నుంచి మొదటి సిలిండర్ పంపడానికి మేము సిద్ధంగా ఉన్నాము.